అక్క పేరు మీద నా చదువు

జూన్ 10, సోమవారం

మూడో వారం పరీక్ష గట్టెక్కింది. మంచి మార్కులే. ఎవరికి చెప్పుకోను? నాయనకు చెప్తే, "మంచిదే పాపా. ఆ గరిక కట్టల మీద నీళ్లు సల్లు, వాడిపోతాండాయి" అన్నాడు. చల్లాను.

మధ్యాహ్నం గుడి దగ్గర జనం పలచబడ్డాక అంగట్లో స్టూలు మీద కూర్చుని, ఫోన్ను టెంకాయల గుట్టకు ఆనించుకుంటే అదే నా కాలేజీ. బీకాం చదివి కాణిపాకంలో టెంకాయలు అమ్ముకునేదానికి ఇంతకంటే మంచి కాలేజీ ఎవరిస్తారు?

జూన్ 12

పాఠం చెప్పే పెద్దాయన ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. తెల్ల గడ్డం, మంచి నవ్వు. మొదటి వీడియోలోనే అన్నాడు — మీరు ఎక్కడున్నా పర్వాలేదు, నేర్చుకోవాలన్న కోరిక ఉంటే చాలు అని. ఎంత బాగా అన్నాడో. అయ్యా, కోరికతో పాటు సిగ్నల్ కూడా కావాలి.

తెలుగు అక్షరాలు కింద వస్తాయి కదా అని పెట్టుకున్నాను. 'సెల్'లో, అంటే లెక్కల గడిలో, అంకె వెయ్యమంటే "జైలు గదిలో సంఖ్యను నింపండి" అని వచ్చింది. అంగట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే ఎదురంగడి ఆయన వింతగా చూశాడు. తెలుగు తీసేశాను. ఇంగ్లీషే, నెమ్మదిగా పెట్టుకుని వింటున్నాను. పెద్దాయన తాగి మాట్లాడినట్టుంది గానీ అర్థమవుతోంది.

జూన్ 16, ఆదివారం

అక్క వచ్చింది తిరుపతి నుంచి, పిల్లలను తీసుకుని. రాగానే, "యాడిదాకా వచ్చినావే?" అనే అడిగింది. సంతోషమేసింది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది కళక్క ఒక్కతే.

అసలు ఈ చదువు ఇచ్చిందే ఆమె. ఆస్పత్రిలో ముందు కౌంటర్లో కూర్చుంటుంది. మే నెలలో ఒకరోజు — "మా ఆస్పత్రోళ్లు స్టాఫుకంతా ఫ్రీగా ఇచ్చినారు మే, ఫోన్లో చదివే ఈ రికార్డుల కోర్సు. నాకు యాడ తీరిక? నా లాగిన్ తీసుకో, నువ్వు చదువుకో. రికార్డుల సెక్షన్లో మనిషి కావాలంట. కోర్సు అయిపోతానే నేను మాట్లాడతా."

"మరి పేరు నీదుంటుంది కదక్కా?"

"పేరుదేముండాది? చివర్లో మార్చుకుంటే సరిపాయ."

నాకూ అదే అనిపించింది. మా ఇంట్లో ఒక ఫోను అందరిదీ. ఒక గ్యాసు పుస్తకం అందరిదీ. అమ్మ పోయాక నాకు జడ వేసింది అక్క, తన పట్టు పావడా కుదించి నాకు తొడిగింది అక్క. లాగిన్ కూడా అలాంటిదే అనుకున్నాను.

రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి చేశాను. పిల్లలు తినలేదు. అక్క వాళ్లది కూడా తినేసి పోయింది.

జూన్ 20

ప్రతి పని పంపేముందు ఒక చిన్న పెట్టె వస్తుంది. "ఇది పూర్తిగా నా సొంత పని అని ప్రమాణం చేస్తున్నాను." అక్కడ టిక్కు కొట్టి, కింద పూర్తి పేరు టైపు చెయ్యాలి. కళావతి అని టైపు చేస్తున్నాను.

ఇవాళ ఎందుకో చెయ్యి ఆగింది. ఇది కాణిపాకం. ప్రమాణాల దేవుడి ఊరు. అన్నదమ్ముల తగాదాలు, గట్టు తగాదాలు, దొంగతనాలు... ఎక్కడెక్కడి వాళ్లో తలకు పోసుకుని తడి బట్టలతో మా అంగడి ముందు నుంచే పోతారు. కర్పూరం మా దగ్గరే కొంటారు. అబద్ధమాడేవాడు మెట్ల దాకా పోయి, గడగడ వణికి, తప్పు ఒప్పేసుకుంటాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

అక్కకు ఫోన్ చేసి చెప్తే పకపకా నవ్వింది. "ఫోన్లో టిక్కు కొడితే ప్రమాణమైపోతాదా, పిచ్చిదానా!"

నిజమే. పని నాదే కదా, పేరొక్కటే కాదు... కొట్టేశాను.

జూలై 4

గ్రేస్ అని ఒకామె. కెన్యాలో చిన్న పల్లెలో బడి టీచరు. కోర్సులో అందరూ సందేహాలు రాసుకునే పేజీ ఉంటుంది, అక్కడ పరిచయం. ఇంట్లో నెట్ లేదట. బడి అయ్యాక నడిచిపోయి నెట్ సెంటర్లో కూర్చుంటుందట. నన్ను "సిస్టర్ కళావతి" అంటుంది.

నిన్న ఆమె ఏడుపు ముఖం బొమ్మ పెట్టింది. పట్టికలో తప్పుడు వరసలు, ఖాళీ వరసలు ఎందుకు ఏరాలో, ఎలా ఏరాలో తలకెక్కడం లేదని. నేను రాశాను — మాకు టెంకాయల అంగడి ఉంది. లారీ దిగగానే అమ్మేయం. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి ఊపుతాం. నీళ్ల చప్పుడు లేనిది పక్కకు. కన్ను మెత్తబడింది పక్కకు. ఒకే కాయను ఇద్దరం లెక్కేశామా, మళ్లీ చూస్తాం. దేవుడి ముందు కొట్టినప్పుడు కుళ్లింది బయటపడితే భక్తుడు మన మొహం చూడడు. పట్టిక కూడా అంతే సిస్టర్, ముందు ఊపి చూడు.

ఇవాళ జవాబు. "ఇన్ని వారాల్లో పెద్దాయన చెప్పింది అర్థం కాలేదు, నీ టెంకాయతో అర్థమైంది. కళావతీ, నువ్వు టీచరువి కావలసింది."

మధ్యాహ్నమంతా తేలిపోతూ గడిపాను. పొగిడింది కళావతిని. అయినా సరే.

జూలై 9

వాన. కరెంటు లేదు. డేటా అయిపోయింది. పాఠం లేదు.

జూలై 23

మొదటి వారం ఎంత జనం! ఈజిప్టు నుంచి ఒకాయన, ఫిలిప్పీన్స్ నుంచి ఒక నాయనమ్మ, బ్రెజిల్ నుంచి కాన్పు కోసం సెలవులో ఉన్నామె... అందరూ హలో, హలో. ఇప్పుడు ఆ పేజీలో ఈగలు తోలుకుంటున్నాం, నేనూ గ్రేసూ ఇంకొందరూ. ఊరకే వస్తే నాకొకటి, మా తమ్ముడికొకటి అని చేరినవాళ్లు కొందరు ఉంటారు. అందరూ అలా కాదు. ఆ నాయనమ్మ మనవడి ఫోన్లో చదివేది. వాడు ఊరు మారాడట. అంతే, ఆమె చదువు అయిపోయింది. తలుపులన్నీ తెరిచామంటాడు పెద్దాయన. తెరిచారు, కాదనను. గడప దాకా రావడం ఎవరి తిప్పలు వాళ్లవి.

ఆగస్టు 8

చివరి పని పంపాను. ఒక ఉత్తుత్తి ఆస్పత్రి రికార్డులు ఇచ్చి, తప్పులు ఏరి, రోగులు ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోతున్నారో చెప్పమన్నారు. భక్తుల వరస చూసి చూసి నా కంటికి అది వెంటనే దొరికింది. మందుల దగ్గర కాదు, బిల్లు కట్టాక మళ్లీ సంతకానికి వెనక్కి పంపేచోట. నివేదికలో నా టెంకాయల సంగతి కూడా పెట్టాను.

మన పనిని దిద్దేది మనలాంటి విద్యార్థులే. ఎవరి చేతిలో పడుతుందో.

ఆగస్టు 19

పూర్తి మార్కులు!! దిద్దినవాళ్లలో గ్రేస్ ఒకామె. "ఈ నివేదికను ఎప్పటికీ మర్చిపోను" అని రాసింది.

ఆగస్టు 22

సర్టిఫికెట్ వచ్చింది. బంగారు గీతల మధ్య — కళావతి.

పేరు మార్చే చోటు వెతికాను. మార్చడానికి వీల్లేదట. గుర్తింపు కార్డు కెమెరాకు చూపించి రూఢి చేసుకున్న పేరు మారదట. ఎవరు చూపించారు? ఎప్పుడు? కింద తేదీ ఉంది. అక్క నాకు లాగిన్ ఇవ్వక ముందే.

ఫోన్ చేశాను. "దానికేముండాదే, ఆస్పత్రిలో చెప్తాలే మా చెల్లెలే చేసిందని." సరే అన్నాను. సరే అనడం తప్ప ఏం తెలుసు నాకు.

ఆగస్టు 25

పాస్‌వర్డ్ తప్పు అంటోంది. మళ్లీ కొట్టాను. తప్పు. అక్క ఫోన్ ఎత్తడం లేదు.

ఆగస్టు 29

ఎత్తడం లేదు.

సెప్టెంబర్ 7

వినాయక చవితి. ఊపిరాడలేదు. మేలే అయింది, ఆలోచించే పని లేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

రాయాలి.

పొద్దున అక్క, బావ, పిల్లలు వచ్చారు. అక్క కొత్త చీర. "పెద్ద బుట్ట కట్టు మే, మొక్కుండాది" అంది. కట్టాను. మంచి కాయలు చూసి చూసి ఏరి పెట్టాను. గరిక, జిల్లేడు పూలు, కర్పూరం... బావ నవ్వుతూ అన్నాడు — "మీ యక్క ఇప్పుడు రికార్డుల సెక్షన్ ఇన్‌ఛార్జి. నీకు చెప్పలేదా? ఆ కోర్సు పుణ్యమే."

బుట్ట ఇంకా నా చేతిలోనే ఉంది.

అక్కను అంగడి వెనక్కి తీసుకుపోయాను. "నాకిప్పిస్తానన్న ఉద్యోగం..."

"బయటోళ్లని తీసుకోమన్నారు మే. స్టాఫుకే అన్నారు."

"ఎప్పుడన్నారు?"

కొత్త చీర కొంగు సర్దుకుంది.

"మొదట్నుంచీ తెలుసా నీకు?"

అప్పుడు అంది. తల వంచుకుని కాదు, నా మొహంలోకి చూసే అంది. "ముందే చెప్పింటే నువ్వు చదివింటావా?"

ఎంత తెలివి! నేను చదువుతానని తెలుసు. నాకోసమైతేనే అంత బాగా చదువుతానని కూడా తెలుసు. జడ వేసిన చెయ్యి కదా, నా తల లోపల ఏముందో దానికి తెలియకుండా ఎలా ఉంటుంది.

ఏడ్చాను. అరిచాను కూడా. "బావకి ఆటో సరిగ్గా నడస్తాండాదా? ఇద్దురు పిలకాయలు. నీకేముండాది, ఒంటి మనిషివి" అంది. నేను ఇంకా అరిస్తే చివరికి — "నన్నేమిటికి అంటావు? ఆ టిక్కులన్నీ కొట్టింది నువ్వే కదా. కాణిపాకంలో పుట్టి అబద్ధం ప్రమాణం చేసింది నువ్వా, నేనా?"

బుట్ట తీసుకుని గుళ్లోకి పోయింది. నేను ఏరిన కాయలే కొట్టి వచ్చింది. అన్నీ తెల్లగా పగిలాయట. బావ చెప్పాడు.

సెప్టెంబర్ 16

సొమ్మొకడిది, సోకొకడిది. ఇంతకాలం ఆ సామెత వేరేవాళ్లదనుకున్నాను.

నాయనకు అంతా చెప్పాను. "అక్కను పిలువు నాయనా. తలకు పోసుకుని రమ్మను. స్వామి ముందు నిలబడి ఆ చదువు తనదని చెప్పమను. నా తప్పు నేనూ చెప్తాను."

నాయన పీచు వలుస్తూనే అన్నాడు. "ఈడ నేను సూడని ప్రమాణం లేదు పాపా. గెల్సినోడైనా, ఓడినోడైనా, ఆ పొద్దు నుంచి ఒక పంక్తిలో కూసోని తిన్నోళ్లని సూళ్లేదు. ఇంట్లో మాట గుళ్లోకి వద్దు."

"అయితే నాకు జరిగింది?"

"అది మీ అక్క కదమ్మా."

మా అక్క కాబట్టే కదా నాయనా ఇంత మండుతోంది! పరాయిదైతే నాలుగు తిట్టి నిద్రపోయేదాన్ని. నాయన మీద కూడా కోపమే.

అక్టోబర్ 3

చిత్తూరు పోయాను సరుకుకు. బస్టాండు దగ్గర ఒక ఆస్పత్రి ముందు బోర్డు — రికార్డులు చూసేందుకు మనిషి కావాలి. కాళ్లు వాటంతట అవే లోపలికి పోయాయి. ఒక పెద్ద మేడమ్ ఉంది. ఏమేమో అడిగింది. అన్నీ చెప్పాను. ఒక పట్టిక తెరిచి చూపిస్తే అందులో తప్పు కూడా చూపించాను. మేడమ్ కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "బాగా తెలుసునే నీకు. యాడ నేర్చుకున్నావు? సర్టిఫికెట్ ఏదీ?"

లేదన్నాను. "తెచ్చుకోమ్మా. నవంబరు ఆఖరు దాకా ఆగుతా. అది లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కటే అనుకున్నాను. మళ్లీ చదువుతా. ఈసారి నా పేరుతో.

అక్టోబర్ 5

ఖాతా తెరిచాను. రేణుక. నా పేరు ఆ తెరమీద మొదటిసారి చూశాను. కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

వినడం ఫ్రీ. సర్టిఫికెట్ ఫ్రీ కాదు. అక్కదానికి వాళ్ల ఆస్పత్రే డబ్బు కట్టింది. నాలాంటివాళ్లు సాయం కోసం అర్జీ పెట్టుకోవాలి. "మీకెందుకు సాయం చెయ్యాలి?" అని అడిగారు. ఇంగ్లీషులో అంత పొడుగు వ్యాసం నా జన్మలో రాయలేదు. అక్క సంగతి రాయలేదు. నాకు పని కావాలి, నాకు ఈ పని వచ్చు అని మాత్రం రాశాను.

అక్టోబర్ 21

ఒప్పుకున్నారు!

నవంబర్ 5

అదే పెద్దాయన, అదే నవ్వు. కోరిక ఉంటే చాలు అన్నాడు మళ్లీ. ఈసారి నాకు నవ్వు రాలేదు. పాఠాలన్నీ తెలిసినవే, పరుగెత్తిస్తున్నాను. టిక్కు కొట్టే పెట్టె దగ్గర మాత్రం ఆగి, రేణుక అని నెమ్మదిగా టైపు చేస్తున్నాను. ఇది నిజం ప్రమాణం.

నవంబర్ 11

చివరి పని పంపాను. అదే ఉత్తుత్తి ఆస్పత్రి, అవే తప్పులు. నా నివేదిక నాకు కంఠతా వచ్చు. టెంకాయల సంగతి అలాగే రాశాను. వేరేది ఎందుకు వెతకాలి? నా అంగడి నాకుంది.

నవంబర్ 13

గ్రేస్ కనిపించింది. పేరు పక్కన ఒక నక్షత్రం. కోర్సు ముగించినవాళ్లలో కొందరు కొత్తవాళ్లకు సాయం చేస్తారట, పనులు కూడా చూస్తారట. గొంతు దాకా వచ్చింది — గ్రేస్, నేనే, టెంకాయల సిస్టర్ని — అని. ఎలా చెప్పను? ఎక్కణ్నుంచి మొదలుపెట్టను? ఊరుకున్నాను.

నవంబర్ 15

"మీ పని మరొక విద్యార్థి పని నుంచి కాపీ చేసినట్టు ఫిర్యాదు వచ్చింది. వచ్చే శుక్రవారం లోపల వివరణ ఇవ్వండి. లేకపోతే ఖాతా మూసేస్తాం."

ఫిర్యాదు చేసింది గ్రేస్.

ఆమె విడిగా రాసింది కూడా. "రేణుకా, ఇది నా స్నేహితురాలు కళావతి రాసింది. ఆ టెంకాయలు ఆమెవి. ఆమె ఎంత కష్టపడి చదివిందో నేను చూశాను. ఆమె కష్టాన్ని ఎవరో ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోను. నువ్వు ఆమెకు తెలిసిన మనిషివైతే, ఆమె అనుమతి ఉంటే, ఆ మాట ఆమే చెప్పాలి. ఆమెను అడుగుతున్నాను."

గ్రేస్ మీద కోపం రావడం లేదు. నా తరఫున నిలబడ్డది ప్రపంచం మొత్తం మీద ఈమె ఒక్కతే. నామీదే నిలబడింది.

అక్కకు ఫోన్ చేశాను. పాత సంగతి ఎత్తలేదు. బతిమాలుకున్నాను. "ఒక్క లైను రాయక్కా. రేణుక మా చెల్లెలు, నేనే వాడుకోమన్నాను అని. ఉద్యోగం నీ దగ్గరే ఉండనీ, నాకు చిత్తూరుది దొరుకుతుంది."

"రాస్తాలే మే. ఏడవొద్దు. రేపు రాస్తా."

ఆ 'ఏడవొద్దు' చిన్నప్పటి గొంతుతోనే అంది. నమ్మాను.

నవంబర్ 18

గ్రేస్ నుంచి. అక్క పంపిన జవాబు కూడా అలాగే పెట్టింది.

"ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు."

ఇంకేం లేదు. ఆ ఒక్క వాక్యమే, తప్పుల్లేని ఇంగ్లీషులో. కింద గ్రేస్ — "సిగ్గుపడాలి నువ్వు."

నవంబర్ 19

నాయనకు చెప్పాను. "తెలీదనిందా?" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "తెలీదనే అనిందా?" అవునన్నాను. మధ్యాహ్నం అన్నం తినలేదు. నన్ను ఏం చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

నవంబర్ 20

ఉన్నదున్నట్టు రాస్తే గ్రేస్ నమ్ముతుంది. పాత మాటలన్నీ నాకు తెలుసు, ఆమె బడి సంగతి, నెట్ సెంటర్ సంగతి, అన్నీ. అప్పుడు అక్క సర్టిఫికెట్ రద్దు చేస్తారు. ఆస్పత్రికి తెలుస్తుంది. పాత కౌంటరు కూడా ఉంటుందో లేదో. పిల్లలు... కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.

రాయకపోతే నేను దొంగను. చిత్తూరు మేడమ్ ఇంకొకరిని పెట్టుకుంటుంది. నేను మళ్లీ ఏ పేరుతోనూ అక్కడ చదవలేను.

నిన్నటిదాకా అక్క మోసం చేసిందనుకున్నాను. పేదరికం, పిల్లలు, ఏదో అనుకున్నాను. తెలియదు అనడానికి పిల్లలు అడ్డం రాలేదే. నేను ఎవరో తెలియదట!

నవంబర్ 21, గురువారం

పొద్దున అంగడి తీస్తుంటే ఫోన్. అక్క. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. ఇప్పుడు చెప్తుంది, ఎందుకలా రాసిందో చెప్తుంది అనుకున్నాను. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మే, బిన్నే చెప్పు, టైము లేదు. ఈ షీటులో ఒకే పేషంటు రెండు రెండు సార్లు వస్తాండాడు. ఏం చెయ్యాల? సారు వస్తాండాడు ఈడికి."

చెప్పాను.

ముందు నంబరు వరసను బట్టి సర్దుకో, తర్వాత డూప్లికేట్లు చూపించేది నొక్కు, పేరును చూసి తీసెయ్యొద్దు, ఒకే పేరు ఇద్దరికి ఉండొచ్చు, పుట్టిన తేదీ కూడా చూడు... అంతా చెప్పాను. ఓపిగ్గా. చెప్పింది నా నోరే.

"ఆ, వచ్చింది వచ్చింది. పెట్టేస్తాండా." పెట్టేసింది.

ఫోన్ చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఎవరో భక్తురాలు, "ఏమ్మా, టెంకాయ ఇస్తావా లేదా?" అని గట్టిగా అడిగే దాకా.

రేపు శుక్రవారం. వివరణ పెట్టె తెరిచి పెట్టాను. ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాను, కళావతి నాకు ఏమవుతుందో. దాని తర్వాత రాయడం రావడం లేదు. చెరపలేదు. పంపలేదు.